దండదీపిక: బేటన్ పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.వె.
కర్ర నొకఁడు పట్టి కాళ్ళకు పనిచెప్పు
దాని నొకఁడు విసరి తాళ మేలు
చంక నొకఁడు పెట్టి చక్రవర్తికి మ్రొక్కు
వీపు నొకఁడు మోద విరుగు నదియె

అవతారిక:

ఈ పద్యం ఏ తాళపత్రంలోనూ దొరకలేదు. టీక రాయాలన్న సరదా ముందు పుట్టింది, మూలం లేకపోతే పరువు దక్కదని పద్యం తరవాత కూర్చాను. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసిన కోలాచల మల్లినాథసూరి మన మెదక్ ప్రాంతం వాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని మరీ కలం పట్టాడు. ఆ మహానుభావుడికి దణ్ణం పెట్టి, ఆ రెండు ఒట్లూ తీసి గట్టున పెట్టి మొదలుపెడుతున్నాను.

ఇది పొడుపు పద్యం. నలుగురి చేతుల్లో నాలుగు పనులు చేసే ఆ వస్తువేమిటంటే బేటన్. రెండో పాదంలో దా–తా యతి చూసి ముఖం చిట్లించేవారు కాస్త ఆగాలి. ఒకే వర్గం, చెల్లుతుంది.

ప్రతిపదార్థం:

ఒకఁడు = రిలే పందెగాడు; కర్రన్ = బేటన్ అనే గొట్టాన్ని; పట్టి = జారవిడవకుండా పట్టుకొని; కాళ్ళకున్ = తన పాదములకు; పని చెప్పున్ = పరుగు పురమాయించును; ఒకఁడు = వాద్యబృందానికి ముందు, జనానికి వీపు పెట్టి నిలబడ్డవాడు; దానిన్ = ఆ కర్రనే; విసరి = గాలిలో ఆడించి (పారేసి అని కాదు); తాళము = లయను; ఏలున్ = పాలించును; ఒకఁడు = సేనాని; చంకన్ = బాహుమూలమందు; పెట్టి = ఇరికించుకొని; చక్రవర్తికిన్ = జీతమిచ్చువానికి; మ్రొక్కున్ = వందనము చేయును; ఒకఁడు = ఎవరో వేరే చెప్పాలా; వీపున్ = ఇతరుల వీపును; మోదన్ = బాదగా; అదియె = అదే; విరుగున్ = ముక్కలగును.

‘కర్ర’ అన్న మొదటి పదం దగ్గరే పెద్ద చిక్కుంది. బేటన్ పుట్టిల్లు ఫ్రాన్సు. తీరా పుట్టింటికి వెళ్ళి అడిగితే ఎవరూ గుర్తుపట్టరు. వాద్యబృందం నడిపేవాడి పుల్లను వాళ్ళు ‘బగెత్’ అంటారు, బేకరీలో అమ్మే పొడుగాటి రొట్టె పేరూ అదే. పోలీసు కర్రకు ‘మత్రాక్’ అని ఇంకో మాట. సేనాని కర్ర ఒక్కటే అసలు పేరు నిలుపుకుంది. మరి రిలేలో చేతులు మారేదాన్ని ఏమంటారయ్యా అంటే, ‘తెమ్వాఁ’ అంటారు. అంటే సాక్షి. నలుగురూ నిజంగానే పరుగెత్తారని చెప్పడానికి ఆ గొట్టం సాక్షి! వ్యాఖ్యాతగా చెబుతున్నాను, ఇంతకు మించిన టీక నేను రాయలేను. అయినా రాస్తాను.

మొదటి పాదం మీద చర్చ:

‘కర్ర నొకఁడు పట్టి’ అన్నాడు కవి. పట్టడం ఎప్పుడు పూర్తయినట్టు? నిబంధనలు దీన్ని మీమాంసకుల స్థాయిలో తేల్చాయి. అందుకునేవాడి వేలు కర్రకు తగిలినప్పుడు మార్పిడి మొదలు, కర్ర వాడి చేతిలో మాత్రమే ఉన్నప్పుడు ముగింపు. ఈ రెంటి మధ్య కర్ర ఇద్దరిదీ. 4×100 రిలేలో ఇదంతా 30 మీటర్ల మేరలోపు జరిగిపోవాలి, పాతరోజుల్లో 20 మీటర్లే. అసలు రుచి ఇంకా ముందుంది. ఆ మేరలో ఉన్నారా దాటారా అని తేల్చేటప్పుడు మనుషుల కాళ్ళెక్కడున్నాయో చూడరు, కర్ర ఎక్కడుందో చూస్తారు. అంటే శాస్త్రప్రకారం పందెంలో ఉన్నది కర్ర. ఊరేగింపులో ఉత్సవ విగ్రహం ఒక్కటే, బోయీలు మారుతుంటారు.

ఆ విగ్రహం పొడవు 28 నుంచి 30 సెంటీమీటర్లు, బరువు 50 గ్రాములకు తగ్గరాదు. చేతులకు తొడుగులు వేసుకోకూడదు, జిగురు పూసుకోకూడదు. కింద పడితే ఎవడు పడేశాడో వాడే ఏరుకోవాలి. నాలుగు వందల మీటర్ల రిలేలో కాస్త వెనక్కి తిరిగి చూసి అందుకోవచ్చు. వంద మీటర్లదైతే చూసే తీరికెక్కడిది? ముందున్నవాడు నేలమీద అతికించుకున్న టేపుముక్క దగ్గరికి వెనకటివాడు రాగానే దౌడు తీస్తాడు, వెనక నుంచి కేక వినబడగానే చెయ్యి వెనక్కి చాపుతాడు. వేళ్ళు విచ్చి, అరచెయ్యి తెరిచి, కళ్ళు మాత్రం ముందుకే. వచ్చి చేతిలో పడుతుందని నమ్మకం. పడకపోవడం కూడా చరిత్రలో ఉంది.

1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో జర్మనీ ఆడవాళ్ళ జట్టు హీట్స్‌లో ప్రపంచ రికార్డు కొట్టింది. ఫైనల్లో బాగా ముందుంది. హిట్లర్ కళ్ళముందే చివరి మార్పిడిలో ఇల్సే డోర్‌ఫెల్ట్ చేతి నుంచి కర్ర జారింది, బంగారం అమెరికాకు పోయింది. 2008 బీజింగ్‌లో ఆ అమెరికాకే వడ్డీతో సహా ముట్టింది. మగవాళ్ళ జట్టు, ఆడవాళ్ళ జట్టు రెండూ హీట్స్‌లోనే కర్ర వదిలేశాయి. లారిన్ విలియమ్స్ మాత్రం వెనక్కి వెళ్ళి కర్ర ఏరుకుని పరుగు పూర్తి చేసింది. 2016 రియోలో మళ్ళీ అదే కథ. అయితే బ్రెజిల్ అమ్మాయి తగలడం వల్ల పడిందని తేలి, అమెరికా జట్టును ఒంటరిగా పరిగెత్తించారు. చుట్టూ లేన్లన్నీ ఖాళీ, పోటీ గడియారంతోనే. నెగ్గారు, ఆ తరవాత ఫైనల్లో బంగారమూ కొట్టారు. ‘పట్టి’ అన్న రెండక్షరాల మాటకు ఇంత టీక అవసరమా అని అడిగేవారు వీళ్ళను అడగాలి.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో భారత మహిళల 4×400 రిలే జట్టులో మన తణుకు అమ్మాయి పరుగెత్తింది. పేరు జ్యోతికశ్రీ, ఇంటిపేరు దండి. సంస్కృతంలో దండి అంటే దండం పట్టినవాడు, పైగా కావ్యాదర్శం రాసిన ఆలంకారికుడి పేరు కూడాను. ఇలాంటివి వ్యాఖ్యాతలు కష్టపడి కల్పించుకోవాలి, నాకు తణుకు నుంచి నడిచి వచ్చింది.

రెండో పాదం:

‘తాళ మేలు’ అన్నచోట పదవిభాగం రెండు రకాలు. తాళము + ఏలు అంటే లయను పాలించును. తాళన్ + మేలు అంటే ఓర్చుకోవడమే మంచిది. మొదటిది నిర్వాహకుడి పక్షం, రెండోది గంటన్నర సింఫనీకి టిక్కెట్టు కొని కూర్చున్నవాడి పక్షం.

మన సంగీతంలో ఈ వేషం లేదు. తాళం తొడమీదే పడుతుంది. కూచిపూడి నేర్పే గురువు చెక్కదిమ్మె మీద కర్రతో కొడతారు, అది చెవికి వినబడే కర్ర. పశ్చిమంలోనూ మొదట్లో అలాగే ఉండేది. పద్నాలుగో లూయీ ఆస్థాన సంగీతకారుడు జాఁ బాతిస్త్ లల్లీ పొడుగాటి బరువైన కర్రతో నేలను పొడుస్తూ లయ చూపేవాడు. రాజుగారికి జబ్బు నయమైన సంబరంలో 1687 జనవరిలో చేసిన కచేరీలో ఆ కర్ర నేలకు బదులు ఆయన కాలి మీద పడింది. గాయం కుళ్ళింది. నాట్యం చేసిన కాలు, తీసెయ్యడానికి ఒప్పుకోలేదంటారు. మార్చి 22న పోయాడు. తన తాళానికి తానే బలైన సంగీతకారుడు. ఆ తరవాత పందొమ్మిదో శతాబ్దంలో కర్ర చిక్కి, పొట్టిబడి, నేలను వదిలి గాలిలోకి లేచింది. మంచిదే, ఇప్పుడు గాయపడేది గాలి. రష్యన్ నిర్వాహకుడు గెర్గియెవ్ పంటిపుల్ల అంత పుల్లతో నడిపించేవాడు, పియర్ బూలేజ్ అసలు పుల్లే లేకుండా వట్టిచేతులతో లాక్కొచ్చాడు. మొత్తం బృందంలో చప్పుడు చెయ్యని వాయిద్యం అదొక్కటే. పారితోషికం మాత్రం దాన్ని పట్టుకున్నవాడిదే ఎక్కువ.

1843లో లైప్‌జిగ్‌లో స్వరకర్తలు మెండెల్సన్, బెర్లియోజ్ తమ కర్రలు ఇచ్చిపుచ్చుకున్నారు. ఫెనిమోర్ కూపర్ నవలల్లో ఆదివాసీ నాయకులు గొడ్డళ్ళు మార్చుకునే ధోరణిలో బెర్లియోజ్ ఒక చిలిపి ఉత్తరం కూడా జతచేశాడు. రిలేలో కర్ర ఇచ్చినవాడు ఆగిపోతాడు. ఇక్కడ ఇద్దరూ ఆగలేదు, ఇది విశేషం.

మూడో పాదం:

దీనికి ఎక్కువ వ్యాఖ్య అక్కర్లేదు. సేనాపతి కర్రతో ఎవరినీ కొట్టడు. ఎత్తి వందనం చేస్తాడు. దండం పట్టుకునే దండం పెట్టే సౌకర్యం ఆ ఉద్యోగంలో ఉంది. మన దేశంలో ఫీల్డ్ మార్షల్ హోదాతో ఆ కర్ర అందుకున్నవారు ఇద్దరే: 1973లో మానెక్‌షా, 1986లో కరియప్ప.

ఒక్క కథ మాత్రం చెప్పకపోతే టీకకు లోటు. 1813 జూన్‌లో స్పెయిన్‌లోని విటోరియా దగ్గర వెల్లింగ్టన్ ఫ్రెంచి సేనను తరిమాడు. పారిపోయే తొందరలో ఫ్రెంచి సేనాని జూర్డాఁ వదిలేసిన సామాన్లలో ఆయన కర్ర దొరికింది. వెల్లింగ్టన్ దాన్ని లండన్‌లో యువరాజుకు కానుకగా పంపాడు. యువరాజు మురిసిపోయి, బదులుగా నీకు ఇంగ్లండు మార్షల్ కర్ర పంపుతున్నానని రాశాడు. తీరా చూస్తే ఇంగ్లండులో అలాంటి కర్రే లేదు! అప్పటికప్పుడు నమూనా గీయించి చేయించారు. మాట ముందు, వస్తువు వెనక. ఈ టీక, ఈ పద్యం సంగతీ అంతే గనక నాకు యువరాజు మీద ప్రత్యేకాభిమానం.

నాలుగో పాదం, పూర్వపక్షం:

‘విరుగు నదియె’ అన్నచోట ‘అది’ ఏది? వీపా, కర్రా? పక్కనే ఉన్న నామవాచకం వీపు గనక అదే విరుగుతుందని పూర్వపక్షం. అలా కాదు, ‘అదియె’ లోని ఏకారం మొదటి పాదంలోని కర్రనే పట్టి లాగుతుందని సిద్ధాంతం. మన పత్రికలు సిద్ధాంతం వైపే ఉన్నాయి. ‘విద్యార్థులపై విరిగిన లాఠీ’ అని శీర్షిక పెడతారు. విరుగు అకర్మక క్రియ. దానికి విరిచినవాడు అక్కర్లేదు, మామిడికొమ్మ గాలికి విరిగినట్టు లాఠీ తనంత తానే విరుగుతుంది. ‘పోలీసులు లాఠీలకు పనిచెప్పారు’ అన్నది ఇంకా సొగసు. మొదటి పాదంలో పరుగు పందెగాడు కాళ్ళకు పని చెబితే చెమట వాడిదే. ఇక్కడ చెప్పడం ఒకరిది, పని లాఠీది, ఫలితం మూడోవాడిది.

‘స్వల్ప లాఠీఛార్జి’ అనే ప్రయోగం మీద పండితులు తలలు పట్టుకోవాలి. స్వల్పం దేనికి విశేషణం? దెబ్బల సంఖ్యకా, బరువుకా, వీపుల లెక్కకా? వేసినవారి వైపు నుంచి చూసి కట్టిన సమాసమని స్పష్టం, ఎందుకంటే తిన్నవాడి నోట ఆ విశేషణం ఎవరూ విన్నది లేదు. దాని వెనకే ‘పరిస్థితి అదుపులోకి వచ్చింది’ అన్న వాక్యం తప్పకుండా ఉంటుంది. ఫలశ్రుతి అన్నమాట.

బ్రిటిష్ సైన్యం 1970లో ఉత్తర ఐర్లండులో రబ్బరు తూటాలు వాడినప్పుడు వాటికీ దస్త్రాల్లో బేటన్ పేరే పెట్టారు. దూరం నుంచి కొట్టే కర్ర అని లక్షణ. దీనిమీద హాస్యం నడవదు, మనుషులు పోయారు.

పద్యంలో ఒక దోషం ఉంది, ఒప్పుకోవాలి. వెదురు లాఠీ విరిగేది. ఇప్పుడొచ్చే పాలికార్బొనేట్ లాఠీ విరగదు. చివరి పాదంలో ‘అదియె’ వీపుకే అన్వయించుకోవాల్సిన రోజులొచ్చాయి, పూర్వపక్షమే గెలిచేట్టుంది.

అలంకారం:

ఉల్లేఖం. ఒకే వస్తువు నలుగురికి నాలుగు విధాలుగా తోచడం. అభిధ, లక్షణ, వ్యంజన అనే మూడు శబ్దవృత్తులూ ఇక్కడ నౌకరీ చేస్తున్నాయి. నిర్వాహకుడి కర్ర వ్యంజన, తాకకుండానే పలికిస్తుంది. సేనానిది లక్షణ, అధికారానికి గుర్తు. పోలీసుది అభిధ, నేరుగా తగులుతుంది. రిలేది ఏ వృత్తి? ఫ్రెంచివాళ్ళన్నట్టు సాక్షి. మన బళ్ళో డ్రిల్లు మాస్టారు ఈ వర్గీకరణ మొత్తాన్నీ తారుమారు చేస్తాడు. పొద్దున క్రీడోత్సవంలో బేటన్ దొరక్క పీవీసీ గొట్టం ముక్క కోసి పిల్లల చేతికిస్తాడు. కింద పడేసినవాడి పిక్క మీద అదే గొట్టంతో ఒకటి అంటిస్తాడు. అభిధకూ సాక్షికీ మధ్య మార్పిడి మేర అక్కడ సున్నా మీటర్లు.

ప్రక్షిప్తాలు:

కొన్ని ప్రతుల్లో అదనపు పాదాలు కనబడతాయి. 1699లో మిసిసిపీ ఒడ్డున రెండు తెగల వేటభూములకు హద్దుగా పాతిన ఎర్రని గుంజను చూసి ఫ్రెంచివాళ్ళు పెట్టిన పేరు బేటన్ రూజ్, ఇప్పుడది లూసియానా రాజధాని. ఫ్రెంచి వకీళ్ళ సంఘం పెద్దను బాతొనియే అంటారు, అంటే కర్ర మోసేవాడు. మన కోర్టుల్లో అలాంటి కర్ర లేదు, వాయిదాలతోనే పని జరిగిపోతోంది. పెద్ద హోటళ్ళలో బంగాళాదుంపను సన్నని కడ్డీలుగా తరిగే తరుగుకు బాతొనె అని పేరు. నూనెలో వేయించాక ఆ కర్ర ఎవరి వీపు మీదా విరగదు, పళ్ళ కింద మాత్రం విరుగుతుంది. ఈ పాఠం నాకు నచ్చింది గానీ గణాలు కుదరలేదు.

గద్యము: ఇది శ్రీమద్దినపత్రికాపఠన లబ్ధ లాఠీవ్యాకరణ పరిజ్ఞాన, టీవీ వీక్షిత సకల రిలే పతన పారంగత, పందెములందు సదా ప్రేక్షక శ్రేణీ విరాజమాన, గట్టున పెట్టిన ఒట్లు గల వ్యాఖ్యాత రచించిన దండదీపిక యందు సర్వము ఏకాశ్వాసము. కర్ర ఇంకెవరైనా అందుకోవచ్చు, తొడుగులు లేకుండా.