శుక్రవారం పుక్కిటి పురాణం

సియాటిల్‌కి ఉత్తరాన అనకోర్టెస్ రేవులో కారుతో సహా ఫెర్రీ ఎక్కితే, గంట అటూ ఇటూగా శాన్ వాన్ దీవుల్లో ఏదో ఒకదాని మీద దిగొచ్చు. దిగీదిగగానే ఒక కిరాణా కొట్టు, ఒక పుస్తకాల షాపు, ఒక పోస్టాఫీసు, వాటి మధ్య ఇరుక్కుని ఒక చిన్న వైన్ షాపు. ఏ దీవి, ఏ షాపు అని అడగొద్దు. ఆ సముద్రం చుట్టుపక్కల అలాంటివి ఇంకా ఉన్నాయి, వారం వారం వాటిలో జరిగే తంతు మాత్రం దాదాపు ఒకటే. శుక్రవారం సాయంత్రం గుమ్మం బయట నల్లబల్ల మీద సుద్దముక్కతో ‘ఈ వారం టేస్టింగ్’ అని రాసి పెడతారు. డిసెంబరులో అక్కడ నాలుగున్నర కాకుండానే పొద్దు గూకుతుంది. చీకటి, చలి, ఎడతెగని చినుకు. సినిమా హాలుకి పోదామంటే మళ్లీ ఫెర్రీ ఎక్కాలి. అందుకని సగం ఊరు వైన్ షాపులోనే ఉంటుంది.

వైన్ షాపు అనగానే మన పాఠకుడి కళ్ల ముందు వేరే బొమ్మ కదులుతుంది. మన ఊళ్లలో బోర్డు మీద ‘ఫలానా వైన్స్’ అని ఉంటుంది, లోపల విస్కీ, బ్రాందీ, రమ్ము, బీరు ఉంటాయి. నిజంగా వైన్ కావాలని అడిగినవాణ్ని కౌంటర్లో కుర్రాడు పైనుంచి కిందదాకా ఒకసారి చూసి, పై అరలో దుమ్ము కొట్టుకున్న సీసా కోసం స్టూలు వేసుకుంటాడు. ఇనప జాలీ, జాలీలో చెయ్యి దూరేంత కంత, పక్కన పర్మిట్ రూమ్, అందులో ఉడకేసిన శనగలు. రుచి చూపించమని అడిగితే, క్వార్టర్ కొనుక్కుని ఎంతసేపైనా చూసుకోమంటారు. నిజాయితీగల వ్యాపారం.

దీవి షాపులో ఇంత సులువుగా తెమలదు. పొడుగు బల్ల మీద తెల్లగుడ్డ, నాలుగు సీసాలు, వరసగా గ్లాసులు, చప్పటి బిస్కెట్లు, చీజ్ ముక్కలు. వాటితోపాటు చేతికో కాగితం. వైన్ రెండు గుక్కలే పోస్తారు గానీ కాగితం మాత్రం నిండుగా ఉంటుంది. నల్ల చెర్రీ, ఎండు అంజూరం, దేవదారు పెట్టె, పెన్సిల్ ముల్లు, తడిసిన పలకరాయి, అడవిలో రాలిన ఆకులు, చివర్లో సముద్రపు గాలి. ఇవన్నీ ఒక్క గ్లాసులో ఉన్నాయట. ద్రాక్ష ఒక్కటే కనపడదు.

ముందుగా గ్లాసుని కాడ దగ్గర పట్టుకుని ఎత్తాలి. బొజ్జ దగ్గర పట్టుకుంటే చేతి వేడికి వైన్ పాడవుతుందట. తెల్ల కాగితం మీద వాల్చి రంగు చూడాలి. తర్వాత గిరగిరా తిప్పాలి. కొత్తవాళ్లు బల్లకి ఆనించి తిప్పుతారు, పాతకాపులు గాల్లోనే తిప్పేస్తారు. తిప్పి ఆపగానే గ్లాసు లోపలి గోడ మీద సన్నటి ధారలు జారతాయి. వాటిని ‘కాళ్లు’ అంటారు. ఆ కాళ్ల అందాన్ని ఒకాయన మెచ్చుకుంటాడు, పక్కాయన అవునంటాడు. ఆల్కహాల్ నీటికన్నా ముందు ఆవిరైపోయి, తలతన్యతలో తేడా వచ్చి, ద్రవం గోడ ఎగబాకి మళ్లీ జారడమే ఆ కాళ్ల కథ. జేమ్స్ థామ్సన్ అనే శాస్త్రవేత్త 1855లోనే దాన్ని విప్పి చెప్పాడు. కాళ్లు చూసి చెప్పగలిగింది ఆల్కహాల్ కాస్త ఎక్కువుందని మాత్రమే. ఆ శాతం లేబుల్ మీద అచ్చేసే ఉంది.

ఆ తర్వాత ముక్కు గ్లాసులో దించాలి. గుక్క తీసుకుని మింగకుండా, పెదాల సందులోంచి గాలి పీల్చి గురగురమనిపించాలి. ఇంట్లో పిల్లవాడు పాలతో ఈ పని చేస్తే వీపు మోగుతుంది. చివరగా ఉమ్మెయ్యాలి. అందుకు బల్ల చివర ఒక రేకు పాత్ర ఉంటుంది. వెనకటి జమీందార్ల పక్కన తాంబూలం ఉమ్మడానికి తమ్మపడిగ ఉండేదే, అచ్చం అలాంటిది.

ఈ శుక్రవారం బల్ల దగ్గర రెడ్‌మండ్‌లో ఉద్యోగం చేసుకునే ఒక తెలుగు జంట కూడా ఉందనుకుందాం. వారాంతానికి తిమింగలాలు చూడ్డానికి వచ్చి, అవి కనపడక, వానకి ఇందులో దూరారు. పోసేవాడు ఏం తెలుస్తోందని అడిగాడు. ఆమె మొగుడి చెవి దగ్గర గొణిగింది.

“ఏమండీ, నాకు మొన్నటి చారు పులిసిన వాసనొస్తోంది.”

“గట్టిగా అనకే, పరువు పోతుంది,” అని, ఆయన కాగితం ఒకసారి చూసి, పైకి ‘బ్లాక్ చెర్రీ’ అన్నాడు.

పోసేవాడు సంబరపడిపోయాడు. పెళ్లిచూపుల్లో కాఫీ ఎలా ఉన్నా బాగుందనాల్సిందే కదా, ఇదీ అంతే. నూజివీడు తోటల దగ్గర రసాలమ్మే ఆవిడ ముక్క కోసి చేతిలో పెడితే, పులుపుందమ్మా అని మొహం మీదే అనేసి పక్క బుట్ట దగ్గరికి పోవచ్చు. ఇక్కడ పులుపు అనకూడదు, ‘ఉత్సాహంగా ఉంది’ అనాలి. వగరు అనకూడదు, ‘మంచి కట్టుబడి ఉంది’ అనాలి. నీళ్లలా ఉందంటే తప్పు, ‘నాజూకు’ అంటే ఒప్పు.

నాలుకలో నిజంగా అంత పస ఉంటే ఈ భాషను సహించవచ్చు. కాగితంలో ఏడు వాసనలు రాశారు గదా. కలిసిపోయిన వాసనల్లోంచి మనిషి ముక్కు విడదీసి చెప్పగలిగినవి ఎన్నో ఆస్ట్రేలియాలో డేవిడ్ లాయింగ్ ఏళ్ల తరబడి పరీక్షించాడు. మూడు, మహా అయితే నాలుగు. అనుభవమున్న ముక్కులూ అక్కడే ఆగిపోయాయి. ఇక కన్ను చేసే మోసం వేరు. 2001లో అచ్చయిన బోర్డో పరిశోధనలో 54 మంది వైన్ శాస్త్రం విద్యార్థుల ముందు తెల్ల వైన్ పెట్టి, అదే వైన్‌లో వాసన లేని ఎర్రరంగు కలిపి మరో గ్లాసు పెట్టారు. తెల్ల గ్లాసుకి తేనె, నిమ్మ జాతి మాటలు వాడిన ఆ పిల్లలే, రంగు గ్లాసుకి ఎర్ర వైన్లకి వాడే మాటలన్నీ వాడారు. మోసపోయింది వైన్‌కి పేరు మోసిన ఊళ్లో, వైన్ చదువుకుంటున్నవాళ్లు!

విద్యార్థులు కదా, పోనీ అనుకోవచ్చు. పెద్దల సంగతి రాబర్ట్ హాడ్జ్‌సన్ బయటపెట్టాడు. ఆయన కాలిఫోర్నియాలో గణాంకశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన ప్రొఫెసర్, సొంతంగా చిన్న వైనరీ కూడా ఉంది. ఒక పోటీలో బంగారు పతకం కొట్టిన తన వైన్ ఇంకో పోటీలో ఎవరి కంటికీ ఆనకపోవడం ఏమిటని ఆయనకి పురుగు తొలిచింది. కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ వైన్ పోటీ వాళ్లని ఒప్పించి, 2005 నుంచి జడ్జీలకి ఒకే సీసాలోంచి పోసిన వైన్‌ని వేరే గ్లాసుల మధ్య కలిపి మూడుసార్లు ఇప్పించాడు. మూడుసార్లూ కాస్త దగ్గరగా మార్కులేసినవాళ్లు పదింట ఒకరు. ఆ ఒకరు కూడా మరుసటేడు తడబడ్డారు. అదే సీసాకి ఒకసారి కంచు, ఇంకోసారి బంగారం ఇచ్చినవాళ్లూ అంతమందే ఉన్నారు.

అక్కడితో ఆగలేదాయన. అమెరికాలో 13 పోటీల ఫలితాలు ముందేసుకుని లెక్క కట్టాడు. మూడుకి మించి పోటీలకి వెళ్లిన 2,440 వైన్లలో 47 శాతానికి ఎక్కడో ఒకచోట బంగారం వచ్చింది. అలా బంగారం వచ్చినవాటిలో 84 శాతానికి మరోచోట కంచు కూడా రాలేదు. లాటరీ టికెట్ల పంపకం ఇంతకన్నా పద్ధతిగా జరుగుతుంది. ఇదే స్టేట్ ఫెయిర్‌లో 2007లో ఉత్తమ షార్డనేగా గెలిచింది చార్ల్స్ షా, ట్రేడర్ జోస్ షాపులో 1.99 డాలర్లకి అమ్మిన సీసా. ఆ ఫలితాన్ని వెక్కిరించినవాళ్లు, మిగతా ఏళ్ల ఫలితాల్ని మాత్రం గోడకి తగిలించుకున్నారు.

దీవి షాపులో సీసాలు పోసే వరస చూడండి. చవకది ముందు, ఖరీదైనది చివర. ధర కాగితంలోనే ఉంటుంది. 2008లో కాల్‌టెక్ వాళ్లు ఇరవైమందిని ఎమ్మారై యంత్రంలో పడుకోబెట్టి ఒకే వైన్‌ని ఒకసారి 10 డాలర్లదని, ఒకసారి 90 డాలర్లదని చెప్పి గొట్టంతో తాగించారు. 90 అన్నప్పుడు మెదడులో ఆనందం పుట్టే చోటు నిజంగానే ఎక్కువ వెలిగింది. అంటే చివరి గ్లాసుకి కళ్లు మూసుకుని ఆహా అనే పెద్దమనిషి నటిస్తున్నాడని అనలేం. పాపం, నిజంగానే అనుభవిస్తున్నాడు. ధర చూపించకుండా ఆరువేలకి పైగా గ్లాసులు తాగించి రాబిన్ గోల్డ్‌స్టీన్ బృందం చేసిన లెక్కలో మాత్రం, శిక్షణ లేని మామూలు జనం ఖరీదైన వైన్‌ని ఓ పిసరు తక్కువే ఇష్టపడ్డారు.

అన్నిటికన్నా ముచ్చటైన కథ రూడీ కుర్నియావాన్‌ది. కాలిఫోర్నియాలో తన ఇంటి వంటగదిలో వైన్లు కలిపి, పాత బర్గండీ లేబుళ్లు అంటించి, అమెరికా కోటీశ్వరులకి కోట్ల డాలర్లకి అమ్మాడు. అవి తాగి పరవశించినవాళ్లలో దేశంలో పేరున్న నాలుకలన్నీ ఉన్నాయి. పట్టుబడింది మాత్రం రుచి దగ్గర కాదు. 2008లో వేలానికి పెట్టిన పోన్‌సో వారి క్లో సాన్ దెనీ సీసాల్లో 1945 నాటివి ఉన్నాయి. ఆ ఇంటివాళ్లు ఆ వైన్ చెయ్యడం మొదలెట్టిందే 1982లో. ఇంటాయన లోరాన్ పోన్‌సో ఫ్రాన్స్ నుంచి న్యూయార్క్ వచ్చి ఆ సీసాల్ని వేలంలోంచి తీయించాడు. అందుకు తేదీ చదవడం వస్తే చాలు. రూడీకి 2014లో పదేళ్ల జైలు పడింది. తాటిచెట్టు కింద కూర్చున్నవాడి దగ్గర కల్లు వర్ణించడానికి నాలుగే మాటలున్నాయి: తీపి, పులుపు, ఘాటు, నీళ్లు కలిపాడు. ఆ నాలుగో మాట ఈ కోటీశ్వరుల నిఘంటువులో లేకపోయింది. (అలాగని కల్లు తాగేవాణ్ని మరీ నెత్తికెత్తుకోనక్కర్లేదు. అల్ప్రజోలం కలిపినప్పుడు వాడికీ తెలియడం లేదు.)

కాగితం చివర్లో రాసిన సముద్రపు గాలి సంగతి మిగిలిపోయింది. ఆ గ్లాసులో ఉన్నది కాబెర్నే అయితే, ఆ ద్రాక్ష సముద్రం మొహం చూసి ఉండదు. ఆ దీవులున్న ప్యూజెట్ సౌండ్ ప్రాంతపు చలికి కాబెర్నే సరిగ్గా పండదు. అక్కడి నేల మీద బాగా పండేవి మడలైన్ ఆంజెవిన్, జీగరెబె లాంటి తెల్ల రకాలు. వాషింగ్టన్ రాష్ట్రపు వైన్ ద్రాక్ష దాదాపు అంతా కాస్కేడ్ కొండలకి అవతల, తూర్పున పండుతుంది. అక్కడ యాకిమాలో ఏడాదికి పడే వాన మన అనంతపురంలో పడేదాంట్లో సగం కూడా ఉండదు. యాకిమా, కొలంబియా నదుల నీళ్లు మళ్లించి పెంచిన తోటలవి. ద్రాక్ష లారీ ఎక్కి కొండలు దాటుతుంది. తడిసిన పలకరాయి మాటకొస్తే, రాయి రుచి తీగ వేర్లలోంచి గ్లాసులోకి రాదని వేల్స్‌లో అలెక్స్ మాల్ట్‌మన్ అనే భూగర్భ శాస్త్రవేత్త మొత్తుకుంటూనే ఉన్నాడు. తీగ పీల్చే ఖనిజాలు నాలుకకి తెలియనంత తక్కువ, రాయికైతే అసలు రుచే లేదు.

వర్ణనలన్నీ గాలి కబుర్లనడం కూడా అన్యాయమే. సిరా వైన్‌లో మిరియాల వాసన నిజం. రోటండోన్ అనే పదార్థం దానికి కారణమని 2008లో ఆస్ట్రేలియా వాళ్లు తేల్చారు, మిరియాల్లో ఉన్నదీ అదే. తమాషా ఏమిటంటే, దాదాపు అయిదుగురిలో ఒకరి ముక్కుకి అది బొత్తిగా అందదు. ఆ అయిదో మనిషి కూడా కాగితం చూసి ‘అవును, మిరియం’ అంటాడు. పాతబడిన రీస్లింగ్‌లో కిరసనాయిలు వాసన కూడా నిజమే, టీడీఎన్ అనే పదార్థం పుణ్యం. రేషన్ షాపు ముందు డబ్బా పట్టుకుని క్యూలో నిలబడి పెరిగిన మన తెలుగింటి ఆవిడ దాన్ని వాసన చూసిన మరుక్షణం గుర్తుపట్టింది, కాగితం అవసరం లేకుండానే. తీరా చూస్తే అది పొగడ్త అని తెలిసి బిత్తరపోయింది.

ఇంత పురాణం ఎందుకు నడుస్తోందో తెలియాలంటే కాస్ట్‌కో అనే పెద్ద గోడౌన్ షాపు వైపు చూడాలి. 2011 నవంబరులో వాషింగ్టన్ ఓటర్లు 1183వ ఇనీషియేటివ్ అనే మద్యం చట్టాన్ని గెలిపించారు. దాని ప్రచారానికి కాస్ట్‌కో రెండు కోట్ల డాలర్లకి పైగా గుమ్మరించింది. అందరికీ గుర్తున్నది సర్కారు సారా దుకాణాలు మూతపడటం. ఆ చట్టంలోనే ఇంకో ముక్క ఉంది: ఎక్కువ సరుకు కొన్నవాడికి వైన్ ధర తగ్గించి ఇవ్వొచ్చు. లారీల లెక్కన కొనే కాస్ట్‌కో ముందు పెట్టెల లెక్కన కొనే దీవి షాపు ధరలో ఏం నిలబడుతుంది? సరుకుని ఫెర్రీ ఎక్కించడానికే కొంత ఖర్చవుతుంది. ధర తగ్గించలేనివాడు మాట పెంచుతాడు. కాస్ట్‌కో వాళ్ల ఇసక్వా గోడౌన్‌లో అదే సీసా చెక్క పెట్టెలో మౌనంగా నిలబడి ఉంటుంది, ఇక్కడ దానికి తాత ముత్తాతలున్నారు.

ఆ షాపు బతకాలని కోరుకోనివాడు ఉండడు. చీకటి పడ్డాక ఇరవైమంది ఒకరి పేరొకరు పెట్టి పిలుచుకునే చోటు దీవి మీద ఇంకోటి లేదు. ఎవరి పడవ ఇంజను పాడైంది, ఎవరికి మోకాలు ఆపరేషన్, ఏ ఫెర్రీ ఇవాళ కూడా రద్దయింది, ఇవే అసలు కబుర్లు. మూడో గ్లాసుకల్లా చెర్రీలు, పలకరాళ్లు అందరూ మర్చిపోయారు. కాగితం వెనక ఒకావిడ కుండీల్లో మొక్కలకి ఎరువు దొరికే చోటి ఫోన్ నంబర్ రాసుకుంది.

తెలుగు జంట చివరి ఫెర్రీకి టైమైందని హడావిడిగా లేచి, చివరగా పోసిన సీసానే, 48 డాలర్లది, ప్యాక్ చేయించుకుంది. ఇంటికెళ్లాక గోంగూర మటన్‌తో తాగుదామని ఆయన, చారు పెట్టుకోవచ్చని ఆవిడ. షాపతను తలుపు దగ్గరికేసి, గ్లాసులు కడిగి, బల్ల మీది గుడ్డ దులిపాడు. తమ్మపడిగ తీసి చూస్తే, సాయంత్రం అయిదింటికి ఎంత పొడిగా పెట్టాడో అంతే పొడిగా ఉంది. పోగైన బిరడాలన్నీ అందులో వేసి, అర మీద పెట్టేశాడు.