మసకబారిన ఎడమ కన్ను

నేను బైనాక్యులర్‌ని. నా ఒంటి మీద 8×42 అని ఉంటుంది. అంటే దూరాన్ని 8 రెట్లు దగ్గర చేస్తాను, ముందు అద్దాల వెడల్పు 42 మిల్లీమీటర్లు. నల్లగొండలో ఒక సైన్సు సారు మెడలో వేలాడుతూ బతికాను. పానగల్లు దగ్గర ఉదయసముద్రం చెరువు మీది కొంగల్ని, బాతుల్ని ఆయనకు చూపించడమే నా కొలువు.

ఒక చలికాలం సారు మనవరాలిని వెంటబెట్టుకుని కాకినాడ పక్కనున్న కోరింగకు పోయాడు. గోదావరి సముద్రంలో కలిసే చోట 235 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం అది, 1978లో ఏర్పడింది. అక్కడి నేలే నాకు కొత్త. ఉప్పు బురదలో గాలాడదు కాబట్టి మడచెట్ల వేళ్లు పైకి పొడుచుకొచ్చి ఊపిరి తీసుకుంటున్నాయి. "తాతా, చేప నడుస్తుంది!" అని పిల్ల అరిచింది. ముందరి రెక్కల మీద పాకుతున్న ఆ బురదచేప ఉబ్బు కళ్లను ఆమెకు చూపించాను.

పడవెక్కాక తెలిసింది నా విలువ. ఆటుకు తేలిన ఇసుక మేట మీద ఇండియన్ స్కిమ్మర్లు! ఉత్త కంటికి నలుపూ తెలుపూ మచ్చలే. నాలోంచి చూస్తే నారింజరంగు ముక్కు, అందులో కింది భాగం పైదానికంటే పొడవు. ఒక పక్షి లేచి, నోరు తెరిచి, ఆ కింది ముక్కుతో నీళ్లను కోసుకుంటూ పోయింది. చేప తగలగానే టక్కున మూసింది. ప్రపంచంలోనే తగ్గిపోతున్న పక్షి అది. సారు నన్ను కళ్ల మీంచి దించలేదు. "నాకియ్యి తాతా, నాకియ్యి" అని పిల్ల చొక్కా లాగుతూనే ఉంది.

"ఆ హోప్ ఐలాండ్ ఇసకలోనేనండి, జనవరి నించి మార్చి దాకా తాబేళ్లు గుడ్లు పెట్టేది" అన్నాడు పడవతను.

ఆ ఉప్పుగాలిని నా ఒంటి మీంచి ఎవరూ తుడవలేదు. చెమ్మతోనే సంచిలో పెట్టారు, ఇంటికొచ్చాక బీరువాలో బట్టల అడుక్కి తోశారు. సారుకు మోకాళ్ల నొప్పులు వచ్చి చెరువుకు పోవడం మానేశాడు. అద్దాలకు బూజు పట్టడానికి చీకటీ చెమ్మా చాలు. వానాకాలంలో నా ఎడమ అద్దం లోపల సాలెగూడులా మొదలై పాకింది. ఒక మెత్తని గుడ్డతో తుడిచి, గాలి తగిలే చోట పెట్టి ఉంటే రాకపోను. పండుగకు బీరువా సర్దినప్పుడల్లా, "ఇదింకెందుకు, పాత సామానోళ్లకు ఇచ్చెయ్యరాదు" అంటుంది కోడలు. సారు పలకడు. మళ్లీ నన్ను అడుక్కే పెడతారు.

మొన్న మనవరాలొచ్చింది. ఫోన్లో తీస్తే పక్షులు చుక్కల్లెక్క వస్తున్నాయని తాతకు చెప్తోంది. తలుపవతలే ఉన్నాను తల్లీ! బూజు తుడిచేవాళ్లు ఉన్నారు. తుడిపించకపోయినా సరే, నా కుడి కన్ను ఇంకా తేటగానే ఉంది. ఈ చలికాలం ఒక్కసారి చెరువుకట్ట మీదికి తీసుకుపో.