మావైపు మావయ్య

ప్రతి కుటుంబంలోనూ ఒక మావైపు మావయ్య ఉంటాడు. మా మావయ్యది తాడేపల్లిగూడెం. ఏ ఊరెళ్ళినా, ఏది తిన్నా "అదే మావైపయితేనా..." అని అందుకోకపోతే ఆయనకు అరగదు. ఈ 'మావైపు'కి సరిహద్దు రాళ్ళు లేవు. 2022లో ప్రభుత్వం జిల్లాలు చీల్చి, గూడేన్ని పశ్చిమ గోదావరిలో ఉంచి, నూజివీడుని ఏలూరు జిల్లాలో కలిపి, కడియాన్ని తూర్పు గోదావరికి వదిలేసింది. మావయ్య మాత్రం దేన్నీ వదల్లేదు. మంచి సరుకు ఎక్కడుంటే అక్కడిదాకా మావైపే.

మొన్న ఫాల్గుణంలో గోదావరి ఎక్స్‌ప్రెస్ దిగి, నాంపల్లి స్టేషన్లో సంచీ నా చేతిలో పెట్టాడు.

"పక్కనే పబ్లిక్ గార్డెన్స్ మావయ్యా. 1846 నాటిది. నైజాం కాలంలో బాగ్-ఎ-ఆమ్ అనేవాళ్ళు" అన్నాను. అదే నేను చేసిన తప్పు.

"ఆమ్ అంటే మామిడేగా! పద పద, పిందె పడే రోజులు. మా నూజివీడు రసాల ముందు ఎంత నిలుస్తాయో చూద్దాం."

"ఇక్కడ ఆమ్ అంటే మామిడి కాదు, జనం. జనం తోట."

"మామిడి పేరు చెప్పి జనాన్ని చూపిస్తారన్నమాట! మావైపు ఇలాంటి మోసాలుండవురా అల్లుడూ."

లోపల కాగితంపూలు గుత్తులు గుత్తులుగా విరగబూసి ఉన్నాయి. మావయ్య ఒకటి వాసన చూశాడు. "పంచదార వెయ్యని పూతరేకు" అని తేల్చేశాడు. ప్రతి మొక్కనీ పెళ్ళిసంబంధం చూసినట్టు ఆకు తిప్పి, కాండం నొక్కి, "మా కడియంలో లారీ ఎక్కిన పిల్లే" అని పుట్టిల్లు చెప్పాడు.

అసెంబ్లీ తెల్ల గుమ్మటాలు చూపించి, 1913లో టౌన్‌హాలుగా తయారైందన్నాను. మావయ్య ముఖం మెత్తబడింది. "మావైపు ఎమ్మెల్యేలు ఎన్నేళ్ళు అరిచారురా ఇందులో!" అన్నాడు, మేనత్త ఇల్లు చూస్తున్నట్టు.

మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉంది. శవాన్ని ఉప్పులో ఆరబెట్టి ఇలా భద్రం చేసేవాళ్ళని వివరించాను.

"ఓస్, ఇంతేనా? మా కొల్లేరు లంకల్లో ఎండుచేపకి చేసేదేగా. కాకపోతే మావైపు ఇంతకాలం ఉంచరు. వంకాయేసి పులుసు పెట్టేస్తారు."

పక్కనున్న కుటుంబం మమ్మీని వదిలి మావయ్యని చూడ్డం మొదలెట్టింది.

బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాం. గాలికి కాగితంపూలు జలజలా రాలుతున్నాయి. ఐదు నిమిషాలు మావయ్య దేన్నీ దేనితోనూ పోల్చలేదు. ఒంట్లో బాగోలేదేమోనని భయపడ్డాను. మెల్లగా వంగి రెండు పూలు ఏరి, నేను చూడట్లేదనుకుని, రైలు టిక్కెట్టు మడతలో పెట్టుకున్నాడు.

ఉగాదికి గూడెం వెళ్ళాను. ఉల్లిపాయల మార్కెట్టు దగ్గర టీకొట్టులో మావయ్య, ఏలూరు నుంచి వచ్చిన ఆయన వియ్యంకుడు కూర్చుని ఉన్నారు. వియ్యంకుడు తన పెరట్లో పూసిన ముద్దమందారం గురించి గుక్క తిప్పుకోకుండా చెబుతున్నాడు. మావయ్య కాసేపు ఓపిక పట్టి, గ్లాసు బల్ల మీద పెట్టి, జేబులోంచి పాత రైలు టిక్కెట్టు తీశాడు.

"మందారందేముంది లెండి బావగారూ! మీరు నాంపల్లి వచ్చి మావైపు కాగితంపూలు చూడాలి."