నిమజ్జన పత్రికకు 'బోథీయ' వ్యాఖ్య

అవతారిక

ఆదిలాబాద్ జిల్లా బోథ్ బస్టాండు ఎదురుగా ఉన్న జిరాక్సు దుకాణం అద్దానికి అంటించిన ఒక కరపత్రం ఈ వ్యాఖ్యకు మూలం. కర్త పేరు లేదు, ఫోను నంబరు మాత్రం ఉంది. ఇటువంటి గ్రంథాలకు కర్తృత్వ నిర్ణయం చేయబోయి పండితులు తలలు బద్దలు కొట్టుకోవడం చూశాం కనుక ఆ జోలికి పోము. కాలం మాత్రం తేల్చవచ్చు. కర్త అండమాన్‌లోని ఒక దీవిని 'హేవ్‌లాక్' అనకుండా 'స్వరాజ్ ద్వీప్' అన్నాడు. ఆ పేరు వచ్చింది 2018 డిసెంబరులో, కాబట్టి గ్రంథం అంతకు ముందుది కాదు. మరి 'పోర్ట్ బ్లెయిర్' అని ఉందే, ఆ ఊరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అయింది కదా, అంటే గ్రంథం ఈ రెంటి నడిమిది అని కొందరు. కాగితం అంటించిన జిగురు ఇంకా ఆరలేదు, పాత డిజైనుకే కొత్త నకలు తీశారు అని దుకాణదారు. ప్రత్యక్ష ప్రమాణం ముందు అనుమానం నిలవదు గనుక దుకాణదారు పక్షమే మాకు గ్రాహ్యం.

మూలం

'వయా పోర్ట్ బ్లెయిర్, స్వరాజ్ ద్వీప్‌లో స్కూబా! గోరువెచ్చని నీలి సముద్రం, తెల్లని ఇసుక తిన్నెలు, పగడాల తోటలు. ఈత రాకున్నా పర్వాలేదు. ఆక్సిజన్ సిలిండర్, ట్రైనర్, నీటి లోపల ఫొటోలు ఉచితం. నాలుగు పగళ్లు, మూడు రాత్రులు. షరతులు వర్తిస్తాయి. ధరకు ఫోన్ చేయండి.'

టీక

వయా పోర్ట్ బ్లెయిర్ = ఆ ఊరి మీదుగా. విమానం దిగి ఓడ ఎక్కాలని అధ్యాహార్యం. భాష రాదన్న బెంగ అక్కర్లేదు. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. ఈ వ్యాఖ్యలో పలుచోట్ల సాక్షిగా రాబోయే మా మేనల్లుడు అక్కడ ఆటో ఎక్కి 'మాది ఆదిలాబాద్' అంటే, శ్రీకాకుళం యాసలో 'అది మహారాష్ట్రలోది కదేటి' అన్నాడట ఆటో ఆయన. తెలుగువాళ్లం తెలుగువాళ్లను ఇట్లా గుర్తుపడుతుంటాం.

గోరువెచ్చని = గోరు ముంచితే వెచ్చగా తోచేది. పుష్యమాసపు బోథ్‌లో ఈ విశేషణానికి కట్టెల పొయ్యి, దాని మీద కాగు, పక్కన ఊదుతూ ఒక మనిషి ఉండాలి. ఆదిలాబాద్ జిల్లాలో 5 డిగ్రీల దిగువకు పడిన రాత్రులు ఎన్నో ఉన్నాయి. అండమాన్ సముద్రం మాత్రం ఏ పొయ్యీ లేకుండా ఏడాది పొడుగునా 26 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటుంది.

సముద్రం = బోథ్‌కు సంబంధం లేనిదని లోకులు అనుకునేది. ఇది అసంగతం. ఆదిలాబాద్ ఊరి అంచున సిమెంటు ఫ్యాక్టరీ ఎందుకు పెట్టారు? సున్నపురాయి ఉంది గనుక. (మా జిల్లాలో సీసీఐలు రెండు. ఇది మూతపడ్డ సిమెంటు సీసీఐ. పత్తి సీసీఐ చివర్లో వస్తుంది.) భూగర్భ శాస్త్రజ్ఞులు పెన్‌గంగ సున్నపురాయి అని పిలిచే ఆ రాయి వంద కోట్ల ఏళ్లకు అటూ ఇటూగా ఒక సముద్రం అడుగున పేరుకున్న బురద. అప్పటికి పగడాలు కాదు గదా, చేపలు కూడా పుట్టలేదు. మన దగ్గరికి వచ్చి పోయిన సముద్రాన్ని వెతుక్కుంటూ మనం విమానంలో పోతున్నామన్నమాట.

తెల్లని ఇసుక తిన్నెలు = ఇక్కడ సుకుమార హృదయులు రెండు పంక్తులు దాటి చదువుకోవచ్చు. ఆ తెలుపులో చాలా భాగం చిలకచేప విసర్జనం. చిలక ముక్కు వంటి గట్టి పళ్లతో పగడపు రాతిని గీకి, దాని మీది నాచు తిని, రాతిపొడిని వెనక నుంచి వదులుతుంది. పెద్ద చేప ఒక్కటే ఏడాదికి వందల కిలోలు వదలగలదు. కొత్త దంపతులు పాదరక్షలు విప్పి నడిచేది దీని మీదనే. ఔచిత్యభంగం అందామా అంటే, కర్త ఎక్కడా అబద్ధం ఆడలేదు.

పగడాల తోటలు = రూపకం, కాస్త దోషం ఉన్నది. పగడం మొక్క కాదు, జంతువు. గింజంత జీవులు కోట్ల కొలది చేరి, తమ కింద తామే సున్నపు గూడు కట్టుకుంటాయి. వాటి ఒంట్లో సూక్ష్మమైన నాచు కౌలుకుంటుంది. ఎండలో వండి పెట్టేది ఆ నాచే, రంగులో చాలా భాగమూ దానిదే. నీటి వేడి మామూలు వేసవి కంటే ఒకటి రెండు డిగ్రీలు పెరిగి వారాల తరబడి దిగకపోతే ఈ కౌలు రద్దవుతుంది, పగడం తెల్లబడుతుంది. అండమాన్‌లో 1998, 2010, 2016 సంవత్సరాల్లో అట్లా జరిగింది. 2024లో ప్రపంచమంతటా నాలుగోసారి జరుగుతున్నట్టు శాస్త్రజ్ఞులు ప్రకటించారు. మూలంలో 'గోరువెచ్చని' అన్న మాటకు పై హద్దు చెప్పకపోవడం న్యూనత.

ఈత రాకున్నా పర్వాలేదు = ఇది కావ్యానికి ఆయువుపట్టు. అలంకారం విరోధాభాసం. ఈత రానివాడు నీట మునగడం లోకసిద్ధం, మునిగి పైకి రావడం ఇక్కడి చమత్కారం. దీని మీద పూర్వపక్షం చాలా గట్టిది, అది మా అక్కది. 'ఈతొచ్చినోళ్లే పొచ్చెర్ల పోతున్నరు, నీకు రానే రాదు, యాడికి పోతవ్‌రా?' అన్నది కొడుకుతో. అక్క మాటను తోసిపారేయడానికి లేదు. పొచ్చెర జలపాతం మా మండలంలోనే ఉంది, సుమారు 20 మీటర్ల ఎత్తు నుంచి వెడల్పుగా పడుతుంది. నేరడిగొండ వైపు కుంటాల అంతకు రెండింతలు. రెండు చోట్లా నీళ్లలోకి దిగవద్దని చెబుతూనే ఉంటారు, వానకాలంలో దూరపు ఊళ్ల పిల్లలు దిగుతూనే ఉంటారు. పాచి పట్టిన నల్లరాయి, కింద కనబడని గుండం, తిప్పే నీరు. ఈత అక్కడ ధైర్యాన్నిస్తుంది, అంతకు మించి ఏమీ ఇవ్వదు.

సిద్ధాంతం: సముద్రంలో దింపేవాడు ఈతను లెక్కలోకే తీసుకోడు. నడుముకు సీసపు బరువులు కడతాడు, వీపుకు సిలిండరు, ఒంటికి గాలి నింపి తీయగల జాకెట్టు. మొదట ఛాతీ లోతు నీళ్లలో నిలబెట్టి మూడు పాఠాలు చెబుతాడు. నోటిలోని గాలిగొట్టం తీసి మళ్లీ పెట్టుకోవడం. కంటి అద్దంలోకి నీళ్లు వస్తే ముక్కుతో ఊది వెళ్లగొట్టడం. చెవులు దిమ్మెక్కినప్పుడు ముక్కు పట్టుకుని మెల్లగా గాలి ఊదడం. ఈ మూడోది 1704లో ఇటలీ వైద్యుడు వల్సాల్వా చెవిలోని చీము బయటికి నెట్టడానికి చెప్పిన ఉపాయం. ఆయన చెప్పింది ఒకందుకు, లోకం వాడుకున్నది ఇంకొకందుకు. తొలిసారి దిగేవారికి 12 మీటర్లు హద్దు. ఓపెన్ వాటర్ కోర్సు పూర్తి చేసినవారికి 18.

ఇక ప్రత్యక్ష ప్రమాణం. మా మేనల్లుడి ఫోనులో ఉన్న నీటి లోపలి వీడియో చూశాను. అద్దం వెనక కళ్లు బాగా తెరుచుకుని ఉన్నాయి. గాలిగొట్టాన్ని ఎంత గట్టిగా కొరికి పట్టాడో దవడ ఎముక బిగుసుకుని కనబడుతోంది. చుట్టూ నారింజ రంగు చేపలు తిరుగుతున్నాయి గాని వాడు చూస్తున్నది గుండెల మీద వేలాడే గాలి మీటరును. ఫ్రేము అంచున, వాడి మెడ వెనక, సిలిండరు తలను పట్టుకున్న ఒక చెయ్యి మొదటి నుంచి చివరిదాకా ఉంది. ఒక్క క్షణం కూడా వదల్లేదు. 'మామా, లోపల సప్పుడే ఉండదనుకున్న. నా ఊపిరే రైలింజను లెక్క వినబడ్డది' అన్నాడు. మూలంలో 'ట్రైనర్' అన్న ఒక్క పదానికి అర్థం ఆ చెయ్యి. పొచ్చెరలో లేనిదీ అదే.

ఆక్సిజన్ సిలిండర్ = అపపాఠం. లేఖక ప్రమాదం కాదు, దేశమంతా ఇట్లాగే అంటుంది. ఆ సిలిండర్లో ఉండేది మనం పీల్చే మామూలు గాలే: 21 పాళ్లు ఆక్సిజను, మిగిలిందంతా దాదాపు నత్రజని. 'ప్రాణవాయువే ప్రాణం నిలిపేది కదా, శుద్ధంగా ఉంటే ఇంకా మంచిది కదా' అని పూర్వపక్షి. కాదు. శుద్ధమైన ఆక్సిజను 6 మీటర్ల దిగువన విషం, ఫిట్స్ వస్తాయి. కాబట్టి 'గాలి సిలిండర్' అని సవరించి చదువుకోవాలి. పోతే, ఆ గాలిని పీల్చినప్పుడు మాత్రమే, చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి సరిపడా వదిలే కవాటాన్ని 1943లో ఫ్రాన్సులో జాక్ కుస్తో, ఎమీల్ గన్యాన్ తయారుచేశారు. యుద్ధకాలంలో పెట్రోలు దొరకక కార్లను గ్యాసుతో నడపడానికి గన్యాన్ చేసిన పరికరమే దానికి మాతృక. వల్సాల్వా కథే ఇక్కడా.

నీటి లోపల ఫొటోలు ఉచితం = ఫలశ్రుతి. రెండు హెచ్చరికలు. ఒకటి, నీటిలో ఎరుపు అన్నిటికంటే ముందు మాయమవుతుంది. మేనల్లుడి చేతికున్న ఎర్ర దారం ఫొటోలో నల్లగా పడితే, దిష్టిదారం ఎవరు కట్టారు, ఏమైందని అక్క నిలదీసింది. రెండు, వాట్సాపులో మనం పొద్దున్నుంచి రాత్రిదాకా పెట్టే బొటనవేలు గుర్తుకు అక్కడ 'నన్ను పైకి తీసుకుపో' అని అర్థం. బాగుందని చెప్పాలంటే వేళ్లు కలిపి సున్నా చుట్టాలి. ఫొటో కోసమని మావాడు ఉత్సాహంగా బొటనవేలు ఎత్తగానే ఆ చెయ్యి వాడిని పైకి తేల్చేసింది. మళ్లీ దించడానికి సైగలతో చాలా మాట్లాడుకోవలసి వచ్చిందట.

నాలుగు పగళ్లు, మూడు రాత్రులు = ఛందస్సు కోసం వేసిన లెక్క. మొదటి పగలు రావడానికి, చివరిది పోవడానికి. ఒక్కసారి మునిగితే 12 గంటలు, పలుమార్లు మునిగితే 18 గంటలు విమానం ఎక్కరాదని నియమం. లోతున ఒత్తిడికి నత్రజని నెత్తుట్లో కరుగుతుంది, గబుక్కున ఒత్తిడి తగ్గితే బుడగలుగా లేచి కీళ్లు పట్టేస్తుంది. అందుకే పైకి వచ్చేటప్పుడు కూడా నిదానం, 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగడం. ద్వైపాయన హ్రదంలో జలస్తంభన విద్యతో దాగిన దుర్యోధనుడు ధర్మరాజు ఎత్తిపొడుపులకు రోషపడి ఆగకుండా పైకి వచ్చాడనీ, ఆ తర్వాత తొడల బాధ అందుకేననీ ఒక ఆధునికుడు. అతడు సిలిండరు గాలి పీల్చలేదు గనుక నత్రజని ప్రసక్తి లేదు. ఆ పాపాన్ని భీముడి గదకే వదిలేయడం న్యాయం.

షరతులు వర్తిస్తాయి = దీని కింద చీమతలలంత అక్షరాల్లో ఒక పేరా ఉంది. జిరాక్సు దుకాణదారు దాన్ని పెద్దది చేసి ఇస్తే చదివాను. ఉబ్బసం, గుండె జబ్బు, చెవి పోటు, జలుబు ఉన్నవారు, గర్భిణులు వద్దు. తాగి దిగరాదు. పగడం ముక్క జ్ఞాపకానికని సంచిలో వేసుకుంటే వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, దానికి పులికిచ్చిన రక్షణే ఉంది. ఇవన్నీ అయ్యాక ఆఖరి పంక్తి: 'ఊపిరి బిగపట్టరాదు.'

నా దృష్టిలో గ్రంథం మొత్తానికి మహావాక్యం ఇదే, కర్త దాన్ని అట్టడుగున దాచాడు. నీళ్లలో తల ముంచేముందు ఊపిరి బిగపట్టడం చెరువులో మనకు తాతలు నేర్పిన మొదటి పాఠం. ఇక్కడ అదే ప్రాణాంతకం. 10 మీటర్ల లోతున ఒత్తిడి పైదానికి రెట్టింపు. అక్కడ నిండా పీల్చి, నోరు మూసుకుని పైకి వస్తే, ఆ గాలి రెండింతలై ఊపిరితిత్తులు చిట్లుతాయి. బాయిల్ 1662లో చెప్పిన సూత్రానికి ఇంత దారుణమైన ఉదాహరణ మా పదో తరగతి పుస్తకంలో లేదు. పుట్టిన దగ్గర్నుంచి చేస్తున్న పనిని ఆపకుండా చేస్తూ ఉండడమే ఈ విద్య, దానికి ఒక శిక్షకుడు.

ధరకు ఫోన్ చేయండి = ధ్వని. వాచ్యం కానిదే కావ్యాత్మ అన్న ఆలంకారికుల మాటకు ఇంతకంటే లక్ష్యం దొరకదు. వ్యంగ్యార్థం సహృదయుడికి తోచేదాకా ఆగలేక దుకాణదారు స్పీకరు పెట్టి ఫోను చేశాడు. మనిషికి 30 వేలు, విమానం వేరు. ఆయన కాలిక్యులేటరు ముందుకు లాక్కుని, 2024-25లో పొడవు పింజ పత్తికి ప్రకటించిన మద్దతు ధర 7,521 రూపాయలతో భాగించాడు. 'నాలుగు కింటాళ్లు, సారూ' అన్నాడు. 'మన పత్తి తీస్కపోతే తేమ ఎనిమిది శాతం దాటిందని సీసీఐలో పైసలు కోస్తరు. ఈడ మనిషి మొత్తం తడిస్తే మనమే పైసలియ్యాల్నా?'

ఈ ప్రశ్నకు పూర్వ వ్యాఖ్యాతలెవరూ సమాధానం రాయలేదు. మేమూ రాయడం లేదు.