హరుక, కుప్పమ్మ

మా పాప పుట్టేనాటికి అవ్వ ఇంకా బతికే ఉంది. ఈ సంగతి ముందే చెప్పాలి. నేను చేసిన తప్పు ఆమె కళ్లెదుటే చేశాను.

శాంతిపురం మండలంలో మాది పట్టుపురుగులు మేపే ఇల్లు. మల్బరీ ఆకు కోసి, మేత వేసి, పురుగు గూడు కట్టే రాత్రుల్లో నిద్ర మానుకుని పురుగుల చంద్రిక తట్టల దగ్గరే కూర్చుని అవ్వ మా నాయనను, తర్వాత నన్ను పెంచింది. ఆమె పేరు కుప్పమ్మ. మనవడి బిడ్డకు ఆ పేరే పెట్టాలని నాయన ఆశపడ్డాడు. "మాయమ్మ పేరు పెడదాం రా. నిలబడిన పేరు అది" అన్నాడు. నిలబడిన పేరు అంటే ఏమిటని నేను అడగలేదు. "కుప్ప అంటే పెంటకుప్ప నాయనా, బెంగళూరు బడిలో పిల్లను ఏడిపిస్తారు" అన్నాను. అవ్వ అరుగు మీదే ఉంది. ఏమీ అనలేదు. చేతిలో చేట పక్కన పెట్టి లోపలికి వెళ్లింది.

నేను ఎంచిన పేరు హరుక. జపాను పేరు. వసంతకాలపు పరిమళం అని అర్థమని ఫోన్‌లో చూశాను. పేరు పెట్టిన రోజు వచ్చినవాళ్లందరికీ ఆ అర్థం విడమరిచి చెప్పాను. అవ్వ రెండు మూడు సార్లు పలికి చూసుకుని, "ఆరికలా? మంచి పేరే. వాన తక్కువైన ఏడు కూడా పండతాది" అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆరికలు కాదు, హరుక అని నేను గట్టిగా సరిదిద్దాను. అవ్వ ఆ తర్వాత రెండేళ్లు బతికింది. ఆ రెండేళ్లూ బిడ్డను "పాపా" అని పిలిచిందే గాని పేరెత్తి పిలవలేదు.

బెంగళూరులో నేను పనిచేసే చోటికి పోయిన ఏడాది జపాను నుంచి ఒక పెద్దావిడ వచ్చారు. మా పాప పేరు చెప్పగానే సంతోషించి, "ఏ అక్షరాలు?" అని అడిగారు. ప్రశ్న నాకు అర్థం కాలేదు. ఆవిడ కాగితం తీసుకుని వసంతం అనే అక్షరం, పరిమళం అనే అక్షరం పక్కపక్కన రాశారు. ఇది హరుక. దాని కింద ఒక్కటే అక్షరం రాశారు, బహుదూరం అనే అర్థంతో. ఇదీ హరుకే. ఇంకా కింద తేటపడిన ఆకాశం, పువ్వు. అదీ హరుకే. వీటిలో మీరు ఏది పెట్టారు?

నేను ఏదీ పెట్టలేదు.

మన లిపిలో శబ్దం రాస్తే పేరు రాసినట్టే. అక్కడ కంజి అక్షరం ఒక్కొక్కటీ ఒక అర్థాన్ని మోస్తుంది. సూర్యుడి పక్కన చంద్రుణ్ని రాస్తే వెలుగు, ఆ ఒక్క అక్షరాన్ని అకిరా అని పేరుగా పెట్టుకుంటారు. వాడుక కోసం ప్రభుత్వం ఖరారు చేసిన అక్షరాలు 2,136. పేర్లకు మాత్రమే అనుమతించినవి కలిపితే సుమారు 3,000. బిడ్డ పుడితే వాటిలోంచి తల్లిదండ్రులు ఏరుకుంటారు. వాళ్ల కుటుంబ రిజిస్టరులో పేరును ఎలా పలకాలో రాసే గడి కూడా 2025 మే 26 దాకా లేదు, అక్షరాలే ఉండేవి. మనలాంటి విదేశీయుల పేర్లను మామూలుగా కటకానా అనే లిపిలో, ఒట్టి శబ్దంగా రాస్తారు. మా పాప అక్కడికి వెళ్తే ఆమె పేరులో వసంతమూ ఉండదు, పరిమళమూ ఉండదు. లేని అర్థం కోసం ఉన్న పేరును వద్దన్నాను.

ఆ తర్వాత జపాను పేర్ల గురించి దొరికింది దొరికినట్టు చదివాను. ఆ చదువులో తొయొతొమి హిదెయొషి కథ ఎదురైంది. దేశాన్నంతా ఒక్క ఏలుబడి కిందికి తెచ్చినవాడు. 1589లో కొడుకు పుడితే ఆ బిడ్డను ‘సుతె’ అని పిలిచారు. పారేసినది అని అర్థం. పారేసిన బిడ్డ బతుకుతాడని నమ్మకం. ఆ బిడ్డ 1591లో పోయాడు. 1593లో ఇంకొకడు పుడితే ‘హిరొయి’ అన్నారు, ఏరి తెచ్చుకున్నది అని. అంతటి దొర ఇంట్లో!

చదువుతుండగానే చేతులు చల్లబడ్డాయి. నాయనకు ఫోన్ చేసి, అవ్వకు ఆ పేరు ఎందుకు పెట్టారని అడిగాను.

"నీకు తెలీదా?" అన్నాడు. అవ్వకు ముందు ముగ్గురు పుట్టి పోయారట. నాలుగో బిడ్డను పుట్టగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టి వచ్చారు. పక్కింటామె ఎత్తుకొచ్చి చేటెడు తవుడుకు తల్లికే అమ్మింది. ఈ బిడ్డ మాది కాదు, కుప్ప మీద దొరికింది, నీకు దీంతో పనిలేదు అని చావుకు చెప్పడానికి పెట్టిన పేరు. పుల్లయ్య, పెంటమ్మ, తవుడమ్మ అని మన ఊళ్లలో ఇంకెందరో. అవ్వ ఎనభై దాటి బతికింది. నిలబడిన పేరంటే ఇదన్నమాట. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి నేను ఒక్కసారీ అడగలేదు. అడగకుండానే, ఆమె వింటుండగా, పెంటకుప్ప అన్నాను.

పేరు మార్చుదామా అని నా భార్యను అడిగాను. పాపకు ఏడేళ్లు వచ్చాయి, పిలిస్తే పలికే పేరు అదే, ఉండనీ అంది.

మొన్న సెలవులకు ఊరికి వెళ్లినప్పుడు, పేర్లకు అర్థం రాసుకు రమ్మని బడిలో చెప్పారని పాప నోటుపుస్తకం తెచ్చింది. అవ్వ కూర్చునే అరుగు మీదే కూర్చున్నాం. అవ్వ పేరు కథ ముందు చెప్పాను. నీ పేరుకు అవ్వ చెప్పిన అర్థం ఇది అని తర్వాత చెప్పాను. పాప పెన్సిలుతో రాసుకుంది: ఆరికలు. వాన తక్కువైన ఏడు కూడా పండుతాయి.