మ్యాట్లు సాధించిన మహానుభావులు

నాలుగు ఫ్లోర్ మ్యాట్లు, ఒక స్టీరింగ్ కవరు, డాష్‌బోర్డు మీద అంటించుకోవడానికి బుల్లి వినాయకుడు. పది లక్షల కారు కొన్న మనవాడు పొద్దుగూకేదాకా బేరమాడి షోరూమ్ నుంచి రాబట్టింది ఇదీ. పెళ్లిలో కలిసినా, పెద్దకర్మలో కలిసినా ఈ విజయగాథ వినిపించకుండా వదలడు. "స్టీరింగ్ కవర్ కుదరదన్నాడండీ. లేచి నిలబడ్డా. దెబ్బకి దిగొచ్చాడు." వినేవాళ్లు మెచ్చుకోలుగా తలూపుతారు. దిగొచ్చినవాడు ఎక్కడి నుంచి ఎక్కడికి దిగాడని మాత్రం ఎవరూ అడగరు.

కొసరు అడగడం మనకు ఉగ్గుపాలతో అబ్బిన విద్య. ఆ సంగతి షోరూమ్‌వాళ్లకు మనకంటే బాగా తెలుసు. అందుకే కొసరెంతో ముందే లెక్కగట్టి, అసలులో కలిపేసి, మనం అడిగేదాకా బీరువాలో పెట్టి తాళం వేస్తారు. అడక్కపోతే వాళ్లకు మిగులు. అడిగితే మనకు పండగ.

కొటేషన్ కాగితం ఎప్పుడైనా తీరిగ్గా చూశారా? కాఫీ కప్పు పక్కనే దాన్ని పెడతారు. పైన ఎక్స్‌షోరూమ్ ధర. కింద లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, ఎక్స్‌టెండెడ్ వారంటీ, ఫాస్టాగ్, ఎసెన్షియల్ కిట్, ఆ తర్వాత ఏ పేరూ కుదరక "ఇతరములు" అని మిగిలిపోయిన ఒక అంకె. సేల్స్ కుర్రాడు పెన్ను క్యాప్ తీసి, అన్నిటికన్నా అడుగున ఉన్న మొత్తం చుట్టూ సున్నా చుడతాడు. చాలదన్నట్టు దాని మీద ఇంకో సున్నా. "ఆన్‌రోడ్ సార్, ఇంకేం ఉండదు." అంతే, మనవాడి బేరమంతా ఇక ఆ సున్నా లోపలే. "రౌండ్ ఫిగర్ చేసెయ్ బాబూ" అంటాడు. కుర్రాడు బాధపడుతూ చిల్లర కొట్టేస్తాడు. పై వరసల జోలికి ఎవరూ వెళ్లనందుకు గాజు గదిలో కూర్చున్న మేనేజరు ఇష్టదైవానికి దండం పెట్టుకుంటాడు.

ఎక్స్‌షోరూమ్ ధర కంపెనీ కట్టేది, జీఎస్టీ అందులోనే ఉంటుంది. 2025 సెప్టెంబరు 22న చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది, పైనున్న సెస్సు కూడా పోయింది. ఆ రోజు శరన్నవరాత్రుల పాడ్యమి. ప్రభుత్వం కూడా మంచిరోజు చూసుకునే తగ్గించిందన్నమాట. ఎవరూ బేరమాడకుండానే దిగొచ్చిన ఆ ధరను గుమ్మానికి ఫ్లెక్సీగా కట్టి, తమ చేతి చలవగా చెప్పుకున్న షోరూములు లేకపోలేదు. మనవాడు ఆ ఫ్లెక్సీ కిందే నిలబడి "మరి మీరేం తగ్గిస్తారు?" అనడిగితే, కుర్రాడు వేలు పైకి చూపించి "తగ్గించాం కద్సార్" అన్నాడట.

ఇక లైఫ్ ట్యాక్స్. ఇది రాష్ట్ర ప్రభుత్వానిది, షోరూమ్ చేతిలో పైసా ఉండదు. అయినా మనవాడు అలవాటు కొద్దీ "ట్యాక్స్‌లో ఏమైనా చూడొచ్చుగా" అంటాడు. చూడాల్సింది వేరే ఉంది. తెలంగాణలో కారు ధర పది లక్షల గీత దాటితే లైఫ్ ట్యాక్స్ రేటు ఒక మెట్టు పైకెక్కుతుంది. పైగా పది లక్షలు దాటిన బండికి ఒక శాతం టీసీఎస్ అని 2016 నుంచి ఇంకో పద్దు. తొమ్మిది లక్షల చిల్లరతో పోయే బండికి సన్‌రూఫ్ మోజుతో పై వేరియంట్ ఎక్కినవాడు సన్‌రూఫ్ ధర ఒక్కటే కట్టడంలేదు, ఆకాశానికి పన్ను కూడా కడుతున్నాడు. మే నెలలో ఆ కిటికీ తెరిచేవాడెవడో నాకు కనిపించాలి. టీసీఎస్ మాత్రం పోయే డబ్బు కాదు, ఆదాయపు పన్ను రిటర్న్‌లో చూపించి సర్దుబాటు చేసుకోవచ్చు. ఆ ముక్క కొటేషన్ మీద ఎందుకు ఉండదో అడక్కండి.

అసలు కథ ఇన్సూరెన్స్ దగ్గర మొదలవుతుంది. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా 2018 సెప్టెంబరు నుంచి తప్పనిసరి. అది ఎక్కడైనా కొనుక్కోవచ్చు, షోరూమ్‌లోనే కొనాలని ఏ చట్టంలోనూ లేదు. బయట కొంటానని అనండి చాలు, అప్పటిదాకా నవ్వుతున్న ముఖం పెద్దాసుపత్రి వార్డులో బంధువు ముఖమైపోతుంది. "తీసుకోండి సార్, మీ ఇష్టం. రేపు యాక్సిడెంట్ అయితే క్యాష్‌లెస్ మాత్రం మా దగ్గర కష్టం సార్." కారు ఇంకా కొననేలేదు, అప్పుడే గుద్దేశాం. భార్య కంగారుగా చూస్తుంది. మనవాడు జీరో డెప్, ఇంజన్ ప్రొటెక్ట్, రిటర్న్ టు ఇన్వాయిస్, తాళం పోతే తాళానికి ఒకటి, అన్నిటికీ సరేనంటాడు. అవే కవర్లు, అదే కంపెనీ, అదే ఐడీవీ (బీమా లెక్కలో బండి విలువ) పెట్టి బయట కొటేషన్ తెప్పించుకుంటే చాలాసార్లు తేడా వేలల్లో ఉంటుంది. ఆ కాగితం టేబుల్ మీద పెట్టగానే కష్టమన్న క్యాష్‌లెస్ కాస్తా సులువైపోవడం ఒక వింత. ఐడీవీ అంటే గుర్తొచ్చింది. కొత్త బండికైనా బీమా లెక్కలో ఎక్స్‌షోరూమ్ ధర మీద ఐదు శాతం తరుగు వేస్తారు. టైరు కింద నిమ్మకాయ నలగకముందే పది లక్షల బండి తొమ్మిదిన్నర లక్షలైందన్నమాట. దీని గురించి మనవాడికి బెంగ లేదు. స్టీరింగ్ కవర్ లెదరా, రెక్సినా అన్నదే బెంగ.

హ్యాండ్లింగ్ చార్జీల గురించి కొంచెమే చెప్పుకుందాం, ఎందుకంటే చెప్పడానికి కొంచెమే ఉంది. బండిని గోడౌన్ నుంచి షోరూమ్‌కి తెచ్చి, తుడిచి, మన చేతికిచ్చినందుకు కూలి. అవి వసూలు చేయొద్దని రవాణా శాఖ అంటూనే ఉంటుంది. షోరూమ్‌లు వింటూనే ఉంటాయి. గట్టిగా అడిగినవాడి కొటేషన్‌లో ఆ పద్దు మాయమై, లాజిస్టిక్స్ పేరుతో ఇంకో వరసలో పునర్జన్మ ఎత్తుతుంది.

"నేను రొక్కం కట్టేస్తా, ఎంత తగ్గిస్తావ్?" అని మీసం తిప్పే పెద్దమనుషులు ఇప్పటికీ ఉన్నారు. పాతకాలపు లెక్క అది. రొక్కం పేరు వినగానే కుర్రాడు లోలోపల నీరుగారిపోతాడు. లోన్ ఇప్పిస్తే బ్యాంకు నుంచి షోరూమ్‌కి ముట్టేది ముడుతుంది, రొక్కం ఇచ్చే పెద్దమనిషి నుంచి ఏం ముడుతుంది, ఆశీర్వాదమా? అందుకని మాట మెల్లగా ఈఎంఐ వైపు మళ్లుతుంది. ధర గురించి ఎంతసేపు కొట్టుకున్నా కదలని కుర్రాడు ఈఎంఐ దగ్గర మాత్రం దానకర్ణుడు. ఎనిమిది లక్షల అప్పు, 9 శాతం వడ్డీ, ఐదేళ్లు అనుకుందాం. నెలకు దాదాపు 16,600 పడుతుంది. మనవాడు ముఖం చిట్లిస్తాడు. కుర్రాడు క్యాలిక్యులేటర్ మీద టకటకా కొట్టి "ఏడేళ్లకు పెట్టుకుందాం సార్, 12,900 లోపే" అంటాడు. నెలకు 3,700 తగ్గించానని మనవాడి ఛాతీ ఉప్పొంగుతుంది. మొత్తం మీద కట్టేది దాదాపు 85 వేలు పెరిగింది. పాతిక వేల డిస్కౌంట్ కోసం పొద్దుటి నుంచీ పోట్లాడిన మనిషి, ఎనభై అయిదు వేలు నవ్వుతూ ఇచ్చేసి థాంక్స్ కూడా చెప్పాడు.

పాత కారు ఎక్స్‌చేంజ్‌కి ఇచ్చేవాళ్ల గతి ఇంకోరకం. ఎవాల్యుయేటర్ అని ఒకాయన వస్తాడు. బానెట్ మీద వేళ్లతో తట్టి, చెవి ఆనించి, నాలుక చప్పరిస్తాడు. "టచప్ అయింది సార్." వెనక డోరు దగ్గర వంగి ఇంకోసారి చప్పరిస్తాడు. ఒక్కో చప్పరింతకు ఐదు వేలు. చివరికి పాత బండి ధరలో నలభై వేలు కోసి, అందులోంచే ఇరవై వేలు తీసి "ఎక్స్‌చేంజ్ బోనస్" అని పేరుపెట్టి చేతిలో పెడతారు. మన జేబులోది తీసి మనకే ఈనాం ఇచ్చే ఈ కళ జమీందార్ల కాలంలో కూడా ఇంత పరిపక్వంగా ఉండేది కాదు. పాత బండిని విడిగా బయట బేరానికి పెట్టి, కనీసం ఒక ధర తెలుసుకుని వెళ్లినవాడి ముందు ఆ చప్పరింతలు సగానికి సగం తగ్గుతాయి.

నాకు ముచ్చటేసేది కార్పొరేట్ డిస్కౌంట్. ఫలానా కంపెనీల ఉద్యోగులకు, ప్రభుత్వ సిబ్బందికి, టీచర్లకు, డాక్టర్లకు కొంత తగ్గింపు. ఈ సంగతి తెలియగానే ఇంట్లో కుటుంబ సమావేశం. ఎవరి ఐడీ కార్డు వాడాలి? పదేళ్లుగా మాటల్లేని చిన్నాన్న హఠాత్తుగా గుర్తొస్తాడు, ఆయన జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఏడెనిమిది వేల కోసం ఆయన పేరు మీద బండి కొంటే రేపు అమ్మేటప్పుడు సంతకానికి ఎవరి గడప తొక్కాలన్నది ఎవరికీ తట్టదు.

కాలం కలిసిరావడమంటే ఏమిటో షోరూమ్‌వాళ్ల క్యాలెండర్ చూసి నేర్చుకోవాలి. ఆషాఢంలో అక్కడ సేల్స్ పిల్లలు ఈగలు తోలుకుంటుంటారు. నెలాఖరున టార్గెట్‌కి రెండు బండ్లు తక్కువైన మేనేజరు గాజు గది వదిలి స్వయంగా మన టేబుల్ దగ్గరికొచ్చే రోజులవి. మనవాడు ఆ నెలంతా ఇంట్లో కూర్చుంటాడు. ఆషాఢం, పైగా మూఢం. శ్రావణమాసం రాగానే, ఊరంతా వచ్చిన శుక్రవారమే తనూ వెళ్లి, కుర్చీ కూడా దొరక్క నిలబడి బేరమాడతాడు. ఆషాఢంలోనే బేరం ముగించి, ధర రాయించుకుని, డెలివరీ మంచిరోజుకు పెట్టుకోవచ్చని పంచాంగం ఎక్కడా అడ్డుచెప్పలేదు. డిసెంబరు తగ్గింపులు ఇంకో రకం. జనవరి ఒకటి రాగానే ఆ బండి పోయినేడాది బండైపోతుంది కాబట్టి వదిలించుకుంటారు. పదేళ్లు వాడేవాడికి అది లాభమే, మూడేళ్లకు అమ్మేవాడికి ఆ తగ్గింపు అప్పుడు వెనక్కి పోతుంది. కొనేముందు 17 అక్షరాల ఛాసిస్ నంబరు, తయారైన నెల, ఏడాది కాగితం మీద రాయించుకోవాలి. మనవాడు నంబర్ల విషయంలో నిర్లక్ష్యం చేసే మనిషి కాడు. రిజిస్ట్రేషన్ నంబరు కూడితే ఎంత వస్తుందని అడుగుతాడు. తొమ్మిది రావాలి. ఖైరతాబాద్ ఆర్టీఏ వేలంలో 9999 కోసం పాతిక లక్షలు దాటించిన ఊరు మనది. నంబరు ప్లేటు ధరకు ఇంకో రెండు కార్లొస్తాయని ఎవరైనా అంటే అశుభం.

కూడా వచ్చిన బావమరిది గురించి చెప్పకపోతే ఆయన నొచ్చుకుంటాడు. ప్రతి బేరానికీ ఒక బావమరిది ఉంటాడు. టైర్లను కాలితో తంతాడు. "గ్రౌండ్ క్లియరెన్స్ ఎంత బ్రదర్?" అంటాడు. కూకట్‌పల్లిలో తన ఫ్రెండ్‌కి ముప్ఫై వేలు ఎక్కువ తగ్గించారని చెబుతాడు. ఆయన చెప్పేవాటిలో పనికొచ్చేది ఇదొక్కటే, కానీ దాన్ని మాటగా కాక కాగితంగా తేవాలి. కూకట్‌పల్లి కొటేషన్ ఎల్బీ నగర్‌లో, అక్కడిది మళ్లీ కూకట్‌పల్లిలో చూపిస్తే తప్ప ఏ మేనేజరూ కుర్చీలోంచి కదలడు. వెయిటింగ్ ఉన్న బండికైతే అదీ పనిచేయదు. అక్కడ బేరం తలకిందులవుతుంది, మనమే వాళ్లను బతిమాలుకోవాలి.

కుర్రాడి మీద మాత్రం నాకు కోపం లేదు. బీటెక్ చదివి, మెడకు టై బిగించి, రోజంతా పది లక్షల బండ్లు అమ్మి, రాత్రికి బైకు మీద ఇంటికెళ్తాడు. జీతం అంతంతమాత్రం, మిగతాది ఇన్సెంటివ్. ఇన్సూరెన్స్‌కి ఇంత, లోన్‌కి ఇంత, యాక్సెసరీస్‌కి ఇంత. వాడు "మేనేజర్ గారిని అడిగొస్తా సార్" అని ప్రతిసారీ లోపలికి వెళ్తే అడిగేది మన గురించేనని గ్యారంటీ లేదు, రేపటి సెలవు గురించి కూడా కావచ్చు.

డెలివరీ రోజు రిబ్బన్, దండ, కేకు, అట్టముక్కతో చేసిన పెద్ద తాళంచెవి, ఫొటో. చప్పట్లు ఆగాక కుర్రాడు మనవాణ్ణి పక్కకు తీసుకెళ్తాడు. "సార్, కంపెనీ నుంచి ఫోనొస్తుంది. అన్నిటికీ పదికి పది చెప్పండి సార్, ప్లీజ్. తొమ్మిదైనా నాకు కట్ అవుద్ది." అంతసేపటి బేరంలో మొదటిసారి పైచేయి మనదైంది. ఇన్సూరెన్స్ కట్టేశాం, లోన్ సంతకాలు అయిపోయాయి, పాత బండి తాళాలు ఇచ్చేశాం. అయినా అవకాశం అవకాశమే. మనవాడు గొంతు సవరించుకున్నాడు.

"పది చెప్తాలేగానీ, ఆ పెర్‌ఫ్యూమ్ బాటిలేదో ఉందన్నావు?"