నా కేసు నాకు కావాలె

మా బిడ్డ అమెరికా నుంచి పంపిన ఫారంలో పేరు, పుట్టిన తారీఖు, పెండ్లయిన తారీఖు దాకా బండి సాఫీగానే నడిచింది. ఆ తర్వాత ఒక ప్రశ్న అడ్డం పడ్డది. మీరు ఎప్పుడైనా, ఏ నేరం కిందనైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా? తర్వాత క్షమించి వదిలేసినా చెప్పాల్సిందేనట. కింద అవును, కాదు అని రెండు గడులు. నేను కండ్లద్దాలు తీసి తుడుచుకున్నాను. తుడిచి చూసినా ప్రశ్న అదే ఉన్నది.

"కాదని కొట్టుండ్రి," అన్నది మా ఇంటామె, చేటలో బియ్యం మీదినుంచి తల ఎత్తకుండానే. "ముప్పై ఏండ్లు దాటిన పత్తాలాట ముచ్చట వాళ్ళకెందుకు?"

నాకూ అట్లనే అనిపించింది. కానీ ఆ ఫారంలో అబద్ధం రాసి దొరికితే జన్మలో వీసా రాదని అల్లుడు ముందే బెదిరించి పెట్టాడు. పైగా మా చందూర్‌లో ఆ సంగతి తెలియని మనిషి లేడు. నేను అవును అని కొట్టాను. కొట్టగానే ఫారం ఇంకో గది తెరిచి, అయితే పోలీసు కాగితాలు, కోర్టు కాగితాలు, జైలు కాగితాలు పట్టుకురా అన్నది.

జైలు కాగితాల సంగతి ముందే తేల్చేస్తాను. 1988 ఫిబ్రవరిలో నాకు పడిన శిక్ష 50 రూపాయల జుర్మానా, కోర్టు లేచేదాకా ఖైదు. అంటే జడ్జిగారు కుర్చీ దిగి వెళ్ళేదాకా ఆ గదిలోనే ఒక మూల కూర్చోవాలి. ఆ పొద్దు జడ్జిగారు తొందరగా లేచారు. నా కారాగారవాసం మొత్తం కలిపి ఒక చాయ్ తాగినంత సేపు. ఆ చాయ్ కూడా తాగనియ్యలేదు.

నేరం ఏమిటో కూడా చెప్పాలి కదా. అప్పట్లో బోధన్ చుట్టుపక్కల చెరుకు పండించినవాడికి చలికాలం అంటే బండి మీద నిద్ర. శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పొగగొట్టం పొగ వదులుతుంటే, కాటా దగ్గర చెరుకు బండ్లు కోసు పొడుగునా బారులు తీరేవి. మన వంతు ఈ రాత్రి రావచ్చు, రేపు మధ్యాహ్నం రావచ్చు. ఎద్దులను విప్పి, ఇంత చెరుకాకు వేసి, బండి కింద గొంగడి పరిచి, కందిలి పెట్టుకుని కూర్చుంటే చేతులు ఊరుకుంటాయా? నలుగురం, రెండు కట్టలు, రమ్మీ. నడిరాత్రి నాకు ఒక్క ముక్క పడితే ఆట అయిపోయేది. ఆ ముక్క ఎంతకీ రాలేదు. ఒక మీసాలాయన మాత్రం టార్చిలైటు పట్టుకుని వచ్చాడు.

ఫారం కథ విని అల్లుడు ఫోన్‌లో నవ్వాడు. వాళ్ళుండేది డాలస్ పక్కన ఫ్రిస్కో. "అదేముంది మామయ్యా, కౌంటీ వెబ్‌సైట్‌లో పేరు కొడితే వచ్చేస్తుంది," అన్నాడు. అక్కడ కౌంటీ అంటే మన జిల్లా లాంటిదట. ప్రతి కౌంటీకీ ఒక క్లర్క్ ఉంటాడట. మన దగ్గర క్లర్క్ అంటే సంతకం కోసం ఎవరి చుట్టూ తిరుగుతామో ఆయన. అక్కడ ఆ పదవికి జనం ఓట్లేసి గెలిపిస్తారట! కోర్టు కాగితాలు పదిలంగా దాచడం, అడిగినవాడికి చూపించడం ఆయన పని. అల్లుడు పనిలో పనిగా వాళ్ళ పక్కింటాయన పేరు కొట్టి, ఆయన అతివేగంగా కారు నడిపి కట్టిన జుర్మానా చదివి వినిపించాడు. పాపం, ఆ పక్కింటాయన గుట్టు చందూర్‌లో చెరుకు రైతుకు తెలిసిందని ఆయనకు తెలుసో లేదో.

"మీ కౌంటీ ఏది మామయ్యా?" అన్నాడు అల్లుడు.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం అంత సులువు కాదు. నన్ను పట్టుకున్నప్పుడు మాది ఆంధ్రప్రదేశ్, నిజామాబాద్ జిల్లా, వర్ని మండలం. 2014లో రాష్ట్రం మారింది. 2016లో కామారెడ్డి విడిపోయి జిల్లా రెండైంది. అదే ఏడు ఎస్పీగారి ఆఫీసు పోలీస్ కమిషనరేట్ అయింది. 2019లో వర్ని నుంచి విడిపోయి మా చందూరే మండలమైంది. 2024 జులై 1 నుంచి పాత సీఆర్‌పీసీ పోయి భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది. ఫ్యాక్టరీ అయితే 2015 డిసెంబర్‌లోనే మూతపడ్డది. రాష్ట్రం లేదు, మండలం లేదు, చట్టం లేదు, ఫ్యాక్టరీలో పొగ లేదు. మిగిలింది నేనూ, నా కేసూ.

ముందు ఇంట్లో కూర్చుని చేయగలిగింది చేద్దామని పక్కింటి పిలగాణ్ణి పిలిచాను. వాడు ఫోన్ తీసి చకచకా వెతికాడు. ఎఫ్ఐఆర్ రాసిన 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పిందట. అత్యాచారం, ఉగ్రవాదం వంటి కేసులకు మాత్రం మినహాయింపు. నెట్ అందని చోట 72 గంటల దాకా గడువు. "కానీ తాతా, నీది పాతది," అన్నాడు వాడు, నన్నూ కలిపి అన్నట్టు. కోర్టులదైతే ఈ-కోర్ట్స్ అని ఒక యాప్ ఉన్నది. కేసు నంబరుతో వెతకొచ్చు, పేరుతో వెతకొచ్చు, వకీలు పేరుతో వెతకొచ్చు, కేసుకొకటి చొప్పున ఇచ్చే 16 అక్షరాల నంబరుతోనూ వెతకొచ్చు. నా పేరు కొడితే నా పేరున్న మనుషులు ముగ్గురు వచ్చారు. ఒకాయన మీద చెక్కు బౌన్స్ కేసు. ఇంకొకాయన గట్టు పంచాయితీ. మూడో ఆయన భార్యతో విడాకులు. మా ఇంటామె మూడో ఆయన వివరాలు రెండుసార్లు చదివించుకున్నది.

తెల్లారి ఠాణాకు పోయాను. ఏ ఠాణా అని అడగొద్దు. ఈ వయసులో ఇంకో కేసు మోసే ఓపిక లేదు. రైటర్ బల్ల వెనక కూర్చుని రాసుకుంటున్నాడు.

"ఏం పని పెద్దమనిషీ?"

"నా మీద ఎఫ్ఐఆర్ ఉన్నది. నకలు కావాలె."

"ఎప్పటిది?"

"1988."

రైటర్ కలం పక్కన పెట్టాడు. నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "నా సర్వీసుల పేరు తీసెయ్యమని వచ్చినోళ్ళను జూసిన గానీ, పేరు ఎతుక్కుంట వచ్చినోణ్ణి నిన్నే జూస్తున్న. భూమి పంచాయితీ ఏమన్న ఉన్నదా?"

"లేదు."

"ఎలక్షన్ల నిలబడుతున్నవా?"

"లేదు సార్, అమెరికా పోతున్న."

ఆ మాటతో ఆయనకు అనుమానం పోకపోగా రెట్టింపైంది. కేసుండి అమెరికా పోవడం ఆయన చాలా చూశాడు. అమెరికా పోవడానికి కేసు అడిగేవాణ్ణి చూడటం ఇదే మొదలు. కూర్చోమన్నాడు. నేను ఆ బల్ల మీద కూర్చుని గంట సేపట్లో ఇద్దరికి నేరస్తుణ్ణయ్యాను, ఒకాయనకు ఫిర్యాదుదారుణ్ణయ్యాను. చందూర్ నుంచి పాస్‌పోర్టు ఎంక్వైరీకి వచ్చిన మనవాడొకడు నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. నేను ఇంటికి చేరేలోపు నా అరెస్టు వార్త చేరింది. చాయ్ హోటల్ దగ్గర నలుగురు లేచి నిలబడ్డారు, అదీ ఓదార్పుగా.

ఇక్కడే నాకు మా ఊరి మీద గౌరవం పెరిగింది. సర్కారు దఫ్తర్‌లో నా కేసు నంబరు ఎవరికీ తెలియదు. హోటల్ దగ్గర మాత్రం ఆ రాత్రి ఎవరి బండి వెనక ఎవరి బండి ఉన్నదో, మా జమానతు కాగితం మీద ఎవరు సంతకం పెట్టారో, మా నాయిన కోర్టు మెట్ల మీద నన్ను ఏమని తిట్టాడో, ఒక్క అక్షరం పోకుండా చెప్పారు. అప్పటికి పుట్టని పిల్లలు కూడా చెప్పారు. ఈ రికార్డును ఏ చెదలూ తినదు. కానీ దాని మీద ముద్ర వేసి ఇచ్చే అధికారి లేడు.

సమాచార హక్కు చట్టం కింద పెట్టుకొమ్మని రైటరే సలహా ఇచ్చాడు. 2005 చట్టం. దరఖాస్తుకు 10 రూపాయలు, మండల స్థాయి ఆఫీసైతే 5, గ్రామస్థాయిలో ఊరికే. నకలు పేజీకి 2 రూపాయలు. జవాబు 30 రోజుల్లో రావాలి. ఎందుకు కావాలో చెప్పనక్కర్లేదని చట్టంలోనే ఉన్నది. ఉన్నా ప్రతి బల్ల దగ్గరా అదే అడిగారు. నేను దరఖాస్తు రాసిచ్చి కోర్టు దిక్కు నడిచాను.

కోర్టులో ఆ హక్కు నడవదట. కేసు కాగితాల నకళ్ళు కోర్టు నిబంధనల కిందే తీసుకోవాలని 2020లో గుజరాత్ హైకోర్టు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ సంగతి నాకు చెప్పింది వకీలు కాదు, చెట్టు కింద టైపు మిషను పెట్టుకున్న ఆయన. అంతటితో ఆగకుండా నకలు దరఖాస్తు తానే కొట్టి, స్టాంపు తానే అంటించి, "సీసీ నంబరు?" అన్నాడు.

"అది తెలుసుకోవడానికే కదా వచ్చింది."

"నంబరు లేనిదే రికార్డు తియ్యరు."

"రికార్డు చూడనిదే నంబరు ఎట్ల తెలుస్తది?"

ఆయన నా దిక్కు జాలిగా చూసి, ఇంకో 20 రూపాయలు తీసుకుని, నంబరు వెతకమనే దరఖాస్తు వేరేగా కొట్టాడు.

నాలుగు వాయిదాలు తిరిగాను. కోర్టు అలవాటు కొద్దీ నాకు నేనే వాయిదాలు అనుకున్నాను. పిలిచినప్పుడల్లా తెల్లంగి వేసుకుని పోయాను. చివరికి ఒక కాగితం ఇచ్చారు. గడువు తీరినందున సదరు రికార్డు నిబంధనల ప్రకారం ధ్వంసం చేయబడినది అని. నేను కంగారు పడితే టైపు మిషను ఆయన నవ్వాడు. కాగితాలు కాలం తీరాక తీసేయడానికి 1917లోనే తెల్లవాళ్ళు చట్టం చేసిపెట్టారట. "లేదని రాసిచ్చిన కాగితం ఉన్నదాని కంటే గట్టిది సార్, దీన్ని ఎవడూ కాదనలేడు," అన్నాడు. నిజమే. వీసా వాళ్ళక్కూడా రికార్డు దొరకకపోతే దొరకదని ఆ ఆఫీసు రాసివ్వాలి, అంతే.

ఇంటికొచ్చి ఆ కాగితం పెట్టడానికి పాత రేకు సందుగు తెరిస్తే మా తాత కాగితం కనబడ్డది. కాలువ నీళ్ళ పంచాయితీ, ఫసలీ 1347. అందులో 590 కలిపితే 1937, ఆ ఏడే శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ పుట్టింది. అంతా ఉర్దూ. ఒక మూల చెదలు మేసింది, మధ్యలో మడత దగ్గర చిరిగి గోధుమపిండి జిగురుతో అతికించి ఉన్నది, గుండ్రటి ముద్ర మాత్రం ఇంకా నల్లగా మెరుస్తున్నది. తాతకు ఉర్దూ చదవరాదు. తాను గెలిచాడో ఓడాడో కూడా ఆయనకు పూర్తిగా తెలుసనుకోను. అయినా దాచాడు.

ఇరవై ఎనిమిదో రోజున ఠాణా నుంచి ఫోన్. పాత ఎఫ్ఐఆర్ పుస్తకాలు ఒక బీరువా వెనక దొరికాయట. 4 రూపాయలు కట్టి రెండు పేజీలు తీసుకున్నాను. రైటర్ కూడా నా వెనక నిలబడి చదివాడు.

మొదటి దెబ్బ, ఆట పేరు. మేము ఆడింది రమ్మీ. అందులో అందర్ బాహర్ అని రాసి ఉన్నది! ఎందుకో నాకు తర్వాత తెలిసింది. 1963లో సికింద్రాబాద్‌లో క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు పడి, ఫసలీ 1305 నాటి హైదరాబాద్ జూదం చట్టం కింద కేసు పెట్టారు. అది సుప్రీంకోర్టు దాకా పోయింది. రమ్మీలో పడ్డ ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి, అందుకని అది ప్రధానంగా తెలివికి సంబంధించిన ఆటేనని 1967లో తీర్పు వచ్చింది. అందర్ బాహర్‌కు ఏ తెలివీ అక్కర్లేదు. మీసాలాయనకు ఆ తీర్పు తెలిసే ఉంటుంది. మాకు తెలియదు. తెలియక నేరం ఒప్పుకున్నాం. మా తెలివిని చట్టం ఒప్పుకుని 20 ఏండ్లు దాటాక, తెలివి లేదని మేమే ఒప్పుకుని 50 చొప్పున కట్టి వచ్చామన్నమాట.

రెండో దెబ్బ కింద ఉన్నది. స్వాధీనం చేసుకున్న వస్తువులు: గొంగడి ఒకటి, కందిలి ఒకటి, నగదు 61 రూపాయలు, పత్తాలు 103.

నేను మళ్ళీ చదివాను. రెండు కట్టలంటే 104. ఆ రాత్రి నాకు రావాల్సిన ఒక్క ముక్క ఎంతకీ ఎందుకు రాలేదో నాకప్పుడు అర్థమైంది. ఆ రాత్రి 14 రూపాయలు పోగొట్టుకున్నాను. నా ఎదురుగా కూర్చున్నది ఎవరో, ఆయన అంగీకి ఎంత పెద్ద జేబు ఉండేదో నాకింకా గుర్తే.

తిన్నగా ఆయన ఇంటికే పోయాను. అరుగు మీద ఎండలో కూర్చుని ఉన్నాడు. కాగితం చేతికిచ్చి వేలితో చూపించాను. దూరం పెట్టి చదివాడు, దగ్గర పెట్టి చదివాడు.

"నూటమూడు," అన్నాను.

"అవ్, నూటమూడే."

"ఇంకోటేదిరా?"

ఆయన ఏమాత్రం తడుముకోలేదు. "ఎద్దు మేసింది."

"ఎద్దా?"

"నీ ఎద్దే. బండి కిందికి మూతి పెట్టి తిన్నది. అప్పుడు చెప్తే ఆట పాడైతదని చెప్పలే." కాగితం మడిచి జేబులో పెట్టుకోబోయాడు, అదే కుడి జేబు. నేను చెయ్యి పట్టుకున్నాను. "నకలు నాకొకటి కావాల్నే," అన్నాడు. "పిలగాడు కెనడా రమ్మంటుండు. వాళ్ళ ఫారంల గూడ ఇసొంటి ముచ్చటే ఏదో ఉన్నదట."

పేజీకి 2 చొప్పున రెండు పేజీలకు 4, పాతవి 14, మొత్తం 18 రూపాయలు ముందు ఇక్కడ పెట్టమన్నాను.